పాత వాకీటాకీని శుభ్రం చేసి మళ్లీ నల్లగా నిగనిగలాడించడం ఎలా?

నాలుగైదేళ్లు చేతులు మారిన వాకీటాకీ ఎలా ఉంటుందో వాడేవారికి చెప్పనక్కరలేదు. మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ బటన్ చుట్టూ జిడ్డు పేరుకుపోయి ఉంటుంది. స్పీకరు ముందున్న సన్నటి రంధ్రాలు సగం పూడిపోయి ఉంటాయి. ఒకప్పటి నల్ల ప్లాస్టిక్ అంచుల దగ్గర బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. షిఫ్టుకొకరు చొప్పున వాడే సెక్యూరిటీ గార్డుల సెట్టయినా, సెకండ్ హ్యాండ్‌లో కొన్న హామ్ (అభిరుచి కోసం వాడే రేడియో) సెట్టయినా, చేపల పడవ మీది మెరైన్ సెట్టయినా పరిస్థితి ఇంతే.

చాలామంది దీనికి వెంటనే ఏదో ఒక పాలిష్ తెచ్చి పూసేస్తారు. ఒక రోజు మెరుస్తుంది. ఆ మరునాటి నుంచి పాలిష్ తడికి కొత్త దుమ్ము అంటుకుని మొదటికంటే అసహ్యంగా తయారవుతుంది. నల్ల ప్లాస్టిక్ విషయంలో ముప్పాతిక వంతు మెరుపు సబ్బునీళ్లతోనే వస్తుంది. పాలిష్ పని చివర్లో, అదీ కొంచెమే. అందుకే ఈ వ్యాసంలో కడగడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందుగా: ఏవి తగలకూడదు

చేతి సెట్ల బాడీ ఎక్కువగా పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తోనో, దానికి ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ కలిపిన మిశ్రమంతోనో తయారవుతుంది. కింద పడినా తట్టుకునే గట్టి సరుకు ఇది. అయితే కొన్ని ద్రావకాలు తగిలితే మాత్రం దీని పని అయిపోయినట్లే. అచ్చులో పోసి చల్లార్చినప్పుడు ప్లాస్టిక్‌లో కొంత ఒత్తిడి మిగిలిపోతుంది. స్క్రూలు బిగించే చోట, బ్యాటరీ లాక్ దగ్గర అది మరీ ఎక్కువ. అక్కడ థిన్నరో అసిటోనో తగిలితే వెంట్రుకంత సన్నటి పగుళ్లు పుడతాయి. అవి అప్పటికప్పుడు కనిపించకపోవచ్చు. కొన్నాళ్లకు సెట్టు చేయి జారి పడ్డప్పుడు బాడీ అక్కడే విరుగుతుంది. అప్పుడు నింద పడ్డ దెబ్బ మీదకు పోతుంది కానీ అసలు కారణం ఆ రోజు తుడిచిన గుడ్డ.

కాబట్టి థిన్నర్, పెట్రోలు, కిరోసిన్, అసిటోన్ ఉండే నెయిల్ పాలిష్ రిమూవర్, అమోనియా కలిసిన అద్దాల క్లీనర్, బ్లీచింగ్ ద్రావణం, బాత్‌రూమ్ క్లీనర్లు ఈ పనికి వద్దు. నారింజ, నిమ్మ వాసన వచ్చే స్టిక్కర్ రిమూవర్లలో ఉండే పండ్ల తొక్కల నూనెలు కూడా ఏబీఎస్‌ను మెత్తబరుస్తాయి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేలలో కొన్ని ప్లాస్టిక్‌కు పడవు. డబ్బా మీద ప్లాస్టిక్‌కు హాని చేయదని రాసి ఉంటే తప్ప వాడకండి.

ఎవరూ అనుమానించని శత్రువు ఇంకొకటుంది: దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు. వాటిలో కొన్నింట్లో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రాత్రి డ్యూటీలో చేతులకు అది రాసుకుని సెట్టు పట్టుకుంటే వేలిముద్రలు బాడీ మీద శాశ్వతంగా పడిపోయే ప్రమాదం ఉంది. రాసుకున్నాక అరచేతులు కడుక్కుంటే చాలు.

కావలసినవి

గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి పాత టూత్‌బ్రష్ ఒకటి, అంతకంటే గట్టి కుచ్చు ఉన్నది మరొకటి, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, దూది ఇయర్‌బడ్‌లు, చెక్క పంటిపుల్లలు, పెన్సిల్ రబ్బరు, చిన్న సీసాడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ ఆల్కహాల్ మందుల షాపుల్లోనూ, ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లోనూ దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీ ఎలాగూ ఉంది. గిన్నెలు తోమే పచ్చ పీచు, స్టీల్ పీచు ఈ చుట్టుపక్కల కనిపించకూడదు.

నీళ్ల సంగతి కూడా చూసుకోండి. బోరు నీళ్లతో తుడిస్తే ఆరాక నల్ల బాడీ మీద తెల్లటి చారలు తేలుతాయి. అవి మురికి కావు, నీళ్లలోని ఉప్పులు. ఫిల్టర్ నీళ్లు ఒక గిన్నెడు తీసుకుంటే ఆ బెడద ఉండదు.

మొదటి మెట్టు: విప్పదగినవి విప్పడం

సెట్టు ఆపండి. ఛార్జర్ నుంచి తీసేయండి. బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. బెల్ట్ క్లిప్ తీసేయండి, దాని కింద ఎంత మట్టి ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. యాంటెన్నాను మాత్రం అలాగే ఉంచండి. అది ఊడదీస్తే దాని సాకెట్‌లోకి తడి వెళ్తుంది. ఇయర్‌ఫోన్ సాకెట్ మీది రబ్బరు మూత సరిగ్గా మూసుకుందో లేదో వేలితో నొక్కి చూడండి.

బాడీ స్క్రూలు విప్పకండి. లోపల దుమ్ము లేకపోతే విప్పి సాధించేది ఏమీ లేదు, పోయేది మాత్రం ఉంది. సెట్టు లోపల అంచు వెంబడి ఉండే రబ్బరు సీలు ఒకసారి కదిలితే మళ్లీ మునుపటిలా కూర్చుంటుందన్న నమ్మకం లేదు. రిఫైనరీలు, గ్యాస్ ప్లాంట్లు, బొగ్గు గనుల వంటి పేలుడు ప్రమాదం ఉండే చోట్ల వాడేందుకు ధ్రువీకరించిన సెట్లయితే విప్పడం అసలే కుదరదు. అధికారం లేనివారు విప్పితే ఆ ధ్రువీకరణ చెల్లదు. వాటి మీది ధ్రువీకరణ లేబులును గీకకండి, చెరపకండి. అలాంటి చోట్ల ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుంది కాబట్టి తడిగుడ్డతోనే తుడవాలి, అదీ ప్రమాద ప్రాంతం బయటికి వచ్చాకే.

నీటిని తట్టుకునే సెట్టు కదా, కుళాయి కింద పెట్టి కడిగేయవచ్చా అని అడిగేవారుంటారు. అలాంటి సెట్ల మీద ఉండే ఐపీఎక్స్7 అనే గుర్తుకు అర్థం 1 మీటరు లోతు నిలకడ నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని పరీక్షించారని. జోరుగా పడే నీటిధారకు అది హామీ కాదు. పైగా ఆ పరీక్ష కొత్త సెట్టుకు చేసింది. మెరైన్ సెట్లది వేరే దారి: సముద్రపు ఉప్పు ఆరి గడ్డకడితే బటన్లు, కాంటాక్టులు (కరెంటు అందించే లోహపు ముక్కలు) పాడవుతాయి కాబట్టి, వాటిని బ్యాటరీతో సహా, మూతలన్నీ బిగించి, మంచినీళ్లతో మెల్లగా కడగడమే మేలు. సీలు బాగుంటేనే సుమా. మిగతా సెట్లన్నిటికీ తడి బ్రష్, తడిగుడ్డ చాలు.

రెండో మెట్టు: పొడి మురికి

తడి తగలకముందే పొడి దుమ్ము దులపాలి. లేకపోతే అది బురదై రంధ్రాల్లోకి దిగుతుంది. స్పీకరు వైపు నేలకు ఉండేలా సెట్టును బోర్లా పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో కింది నుంచి దులపండి. మురికి కిందికి రాలిపోతుంది.

వర్క్‌షాపుల్లో, రైల్వే యార్డుల్లో తిరిగే సెట్లలో ఒక ప్రత్యేకమైన మురికి కనిపిస్తుంది. స్పీకరు జల్లెడ మీద నల్లటి నూగులా నిలబడి, బ్రష్‌తో ఎంత దులిపినా మళ్లీ అక్కడికే చేరుతుంది. అది ఇనుప రజను. స్పీకరు లోపలి అయస్కాంతం దాన్ని పట్టి ఉంచుతుంది. బ్రష్‌తో నెడితే రంధ్రాల్లోంచి లోపలికి పోయి స్పీకరు పొరకు అంటుకుంటుంది, ఆ తర్వాత గొంతు గరగరలాడుతుంది. దీనికి మంచి మార్గం సెల్లో టేపు. జిగురు వైపు రంధ్రాల మీద అద్ది, పైకి లాగండి. టేపు నల్లబడటం ఆగేదాకా కొత్త ముక్కలతో ఇలా చేయండి.

మైక్ రంధ్రం ఒక చిన్న చుక్కంత ఉంటుంది. అందులోకి పిన్ను గుచ్చకండి, లోపల పొర చిరుగుతుంది. కొన్ని సెట్లకు వెనక, బ్యాటరీ కూర్చునే చోట, గుండ్రటి చిన్న స్టిక్కరు లాంటిది ఉంటుంది. అది స్టిక్కరు కాదు, గాలిని వదిలి నీటిని ఆపే పొర. దాన్ని పీకకండి, గాలి గొట్టంతో దాని మీదకు ఊదకండి.

మూడో మెట్టు: సబ్బునీళ్లు

లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు గిన్నెల లిక్విడ్. మోటరోలా సర్వీసు పుస్తకాల్లో పైబాడీ శుభ్రానికి సూచించేది కూడా ఇదే: 0.5 శాతం గాఢత గల తేలికపాటి సబ్బు ద్రావణం. సబ్బు ఎక్కువైతే మురికి ఎక్కువ పోదు, కడిగే పని మాత్రం పెరుగుతుంది.

గట్టి కుచ్చు బ్రష్‌ను ద్రావణంలో ముంచి, గట్టిగా విదిల్చి, తడి మాత్రమే మిగిలేలా చేసుకోండి. నీళ్లు కారే బ్రష్ వద్దు. బాడీ మీద ఉండే గరుకు నగిషీలో జిడ్డు పాతుకుని ఉంటుంది కాబట్టి ఒకే దిక్కున కాకుండా గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. చేతిలో ఇమిడే పక్క భాగాలకు, పీటీటీ చుట్టూ ఉన్న సందుకు ఎక్కువ సమయం ఇవ్వండి. అక్కడ చెమట, చర్మపు నూనె, దుమ్ము కలిసి మైనంలా గట్టిపడి ఉంటాయి. సందులోకి బ్రష్ దూరకపోతే పంటిపుల్ల కొసకు తడిగుడ్డ అంచు చుట్టి లాగండి. నల్లటి దారంలా మురికి బయటికి వస్తుంది. సూది, బ్లేడు మాత్రం వద్దు. పీటీటీ రబ్బరుకు గాటు పడితే అక్కడి నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి.

స్పీకరు భాగానికి వచ్చేసరికి సెట్టును మళ్లీ బోర్లా తిప్పి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తోనే పని కానివ్వండి.

తర్వాత వట్టి నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవండి. మొదటిసారి సబ్బు వస్తుంది, రెండోసారి అది వదిలిన పొర వస్తుంది. చాలామంది ఈ రెండో తుడుపు వదిలేసి, ఆరాక బాడీ మసకగా ఉందని పాలిష్ కోసం వెతుక్కుంటారు. చివరగా పొడి మైక్రోఫైబర్‌తో ఒత్తి, ఫ్యాను గాలికి రెండు గంటలు ఉంచండి. ఎండలో పెట్టకండి.

ఇంకా వదలని జిడ్డు ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్‌బడ్‌కు అద్ది, ఆ చోట మాత్రమే రుద్దండి. రెండు చోట్ల దీన్ని తగలనివ్వకండి. ఒకటి, బటన్ల మీది అక్షరాలు: చవక సెట్లలో అవి పైపైన అచ్చు వేసినవే, ఆల్కహాల్‌కు లేచిపోతాయి. రెండు, డిస్‌ప్లే అద్దం: అది యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ అయితే ఆల్కహాల్‌కు సన్నటి పగుళ్లు తేలవచ్చు. దానికి తడిగుడ్డే మందు. 2020 తర్వాత సెట్లకు శానిటైజర్ పూసే అలవాటు చాలాచోట్ల వచ్చింది. అందులోని గ్లిజరిన్, సువాసనలు బాడీ మీద జిగురుపొరగా మిగులుతాయి. షిఫ్టు మారేటప్పుడు క్రిములు పోవాలనుకుంటే గుడ్డకు ఇదే ఆల్కహాల్ అద్ది తుడిస్తే సరిపోతుంది.

ఇప్పుడు యాంటెన్నా విప్పి, దాని మొదలు దగ్గర పొడిగుడ్డతో తుడవండి. బ్యాటరీ కాంటాక్టులు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, ఆ పొడిని ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తీసేయండి. బ్యాటరీ కాంటాక్టులు రెండింటినీ ఒకేసారి లోహంతో తాకకండి.

జిగురుగా మారిన రబ్బరు, మొండి స్టిక్కర్లు

కొన్ని సెట్ల బాడీ మీద మెత్తగా తగిలే రబ్బరు పూత ఉంటుంది. తేమ, వేడి ఎక్కువున్న కోస్తాలో కొన్నేళ్లకే అది జిగురైపోతుంది. ఇది మురికి కాదు, పూతే లోపల్లోపల విచ్ఛిన్నమైపోతోంది. దీన్ని బాగుచేసే మందు లేదు. పౌడరు చల్లితే నాలుగు రోజులు ఊరట, అంతే. ఆల్కహాల్ గుడ్డతో కొంచెం కొంచెంగా పూత మొత్తం తీసేయడమే అసలు పరిష్కారం. ఓపిక కావాలి, గుడ్డలు బాగా ఖర్చవుతాయి. కింది ప్లాస్టిక్ కాస్త నున్నగా బయటపడుతుంది, చేతికి మాత్రం హాయిగా ఉంటుంది.

పాత సంస్థ పేరు, నంబరు ఉన్న స్టిక్కర్లను హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, మూల నుంచి వేలిగోటితో మెల్లగా లేపండి. మిగిలిన జిగురు మీద చుక్క కొబ్బరినూనె రాసి, ఒకటి రెండు నిమిషాల్లో గుడ్డతో తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడగండి. నూనెను రాత్రంతా నానబెట్టకండి, ఏబీఎస్‌కు నూనెలు ఎక్కువసేపు తగలడం మంచిది కాదు. కంపెనీ వేసిన సీరియల్ నంబరు లేబులును మాత్రం ముట్టుకోకండి. మన దేశంలో లైసెన్సు కాగితాలు ఆ నంబరుతోనే ముడిపడి ఉంటాయి.

ఇక మెరుపు

సెట్టు పూర్తిగా ఆరాక, బూడిద రంగుకు తిరిగిన చోట తడి వేలితో ఒక్కసారి రాసి చూడండి. తడిగా ఉన్నంతసేపు నల్లగా మారి, ఆరగానే మళ్లీ తెల్లబడితే అక్కడ సన్నటి గీతలున్నాయని అర్థం. గీతల అంచులు వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్ల నలుపు తెల్లగా కనిపిస్తుంది. నీరు ఆ గీతలను నింపగానే చెదరడం ఆగి అసలు రంగు కనిపిస్తుంది. పాలిష్‌లన్నీ చేసే పని ఇదే, కాకపోతే నీటిలా ఆరిపోకుండా కొన్నాళ్లు నిలుస్తాయి. తడిపినా రంగు మారకపోతే అక్కడ ఇంకా మురికి ఉంది, లేదా ఎండకు పైపొర చెడిపోయింది. మురికైతే మళ్లీ సబ్బునీళ్లు.

గీతలే అయితే కారు డ్యాష్‌బోర్డుకు వాడే పాలిష్‌లలో నీటి ఆధారంగా తయారైనది, జిడ్డు లేనిది ఎంచుకోండి. సెట్టు మీద నేరుగా స్ప్రే చేయకండి. గుడ్డ మీద శనగగింజంత తీసుకుని, బాడీ వెనకా పక్కలా పలచగా రాయండి. పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో తుడవండి. వేలు పెట్టి లాగితే చార పడకూడదు. చార పడుతోందంటే ఇంకా ఎక్కువే ఉంది.

పీటీటీ, నాబ్‌లు, స్పీకరు రంధ్రాలు, బ్యాటరీ కాంటాక్టుల దగ్గరకు పాలిష్ పోనివ్వకండి. పాలిష్‌లో సిలికాన్ ఉంటే అది మెల్లగా పాకుతుంది. స్విచ్ కాంటాక్టుల మధ్యకు చేరితే బటన్ నొక్కినా సెట్టు పలకదు. సెట్టు చేతిలో జారుతుంది కూడా. సిలికాన్ పడ్డ చోట కొత్త నంబరు స్టిక్కరు అంటుకోదు కాబట్టి స్టిక్కరు అంటించాల్సి ఉంటే ముందే అంటించండి.

కొబ్బరినూనె మెరుపునిస్తుంది కదా అంటారు. ఇస్తుంది, దుమ్మును కూడా పిలుచుకొస్తుంది. నల్ల బూట్ పాలిష్ రాసేవారినీ చూశాను. అందులో ద్రావకాలుంటాయి, పైగా ఆ నలుపు చేతికీ, చొక్కాకూ, చెవికీ అంటుతుంది. హీట్ గన్‌తో గీతలు మాయం చేసే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. ఏబీఎస్ 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పాలీకార్బొనేట్ 147 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. హీట్ గన్ గాలి 300 డిగ్రీలు సులభంగా దాటుతుంది. లోపల డిస్‌ప్లే, సీళ్లు ఉన్న సెట్టు మీద ఆ ప్రయోగం దేనికి?

రాపిడి పాలిష్‌ల గురించి ఒక్క మాట. టూత్‌పేస్టు, ప్లాస్టిక్ స్క్రాచ్ రిమూవర్ వంటివి నున్నటి భాగాలకే పనికొస్తాయి. గరుకు నగిషీ మీద రుద్దితే నగిషీ అరిగి అక్కడ శాశ్వతంగా మెరిసే మచ్చ పడుతుంది. వేళ్లు ఆనే చోట నునుపెక్కిన మచ్చలు కూడా అలా అరిగినవే, వాటిని ఏ పాలిష్ వెనక్కి తేలేదు. డిస్‌ప్లే అద్దం మీది గీతలకు మాత్రం స్క్రాచ్ రిమూవర్ వాడవచ్చు. చుట్టూ టేపు అంటించి, మెత్తటి గుడ్డతో, ఒత్తిడి లేకుండా రుద్దండి. అద్దం మీద మెరుపు తగ్గించే పూత ఉంటే ఈ పని వద్దు, పూత పోతుంది.

నాబ్ మీద చెక్కిన ఛానల్ అంకెల్లో తెల్లరంగు పోయిందా? పిల్లల తెల్ల మైనపు క్రేయాన్‌తో అంకెల మీద అడ్డంగా రుద్ది, కాగితంతో పైపైన తుడవండి. గాడిలోది ఉండిపోతుంది, పైది పోతుంది. రాత్రి డ్యూటీ వారికి పాలిష్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

బాడీ మార్చడం మేలయ్యే సందర్భం

శుభ్రం చేశాక సెట్టును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని యాంటెన్నా మొదలు, బ్యాటరీ లాక్, స్క్రూల చుట్టూ చూడండి. సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో బాగా స్ప్రే కొట్టి మెరిపించిన సెట్ల మీద నాకు అనుమానం ఎక్కువ. ఆ జిడ్డు మెరుపు సన్నటి పగుళ్లను దాచేస్తుంది. అలాంటి సెట్టు తెచ్చుకుంటే ముందు సబ్బునీళ్లతో ఆ మెరుపంతా దించండి. పగులు ఉంటే, లేదా లేత రంగు బాడీ ఎండకు లోపలిదాకా పసుపెక్కి ఉంటే, కొత్త బాడీ వేయించడమే మంచిది. మోటరోలా జీపీ328 వంటి పాత మోడళ్లకు బయటి తయారీ బాడీలు దొరుకుతాయి. వాటితో పాటు సీళ్లు కూడా వచ్చాయో లేదో అడగండి. లేకపోతే సెట్టు కొత్తగా కనిపిస్తుంది కానీ మొదటి వానకే తడుస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు

యాంటెన్నాను ముందు బిగించి, ఆ తర్వాతే బ్యాటరీ పెట్టండి. యాంటెన్నా లేకుండా పీటీటీ నొక్కితే సిగ్నల్ పంపే భాగం దెబ్బతినవచ్చు. ఇంకో సెట్టుతో రెండు మాటలు మాట్లాడి చూడండి. మీ గొంతు లోతు నుంచి వస్తున్నట్లు అవతలివారికి వినిపిస్తే మైక్ రంధ్రంలో ఇంకా తడి ఉందన్నమాట, మరో గంట ఫ్యాను కింద పెట్టండి.

సెట్టును తోలు కవరులో పెట్టే అలవాటుంటే ఆ కవరు లోపలి వైపు కూడా చూడండి. వానాకాలంలో అక్కడ బూజు పడుతుంది, మూలల్లో ఇసుక చేరుతుంది. సెట్టు బాడీ మీది గీతల్లో సగం ఆ ఇసుక పుణ్యమే. కవరును తిరగేసి దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడలో బాగా ఆరనిచ్చాకే సెట్టును అందులో పెట్టండి.